ఇరవై ఏడో నంబరు సీలు

మీటర్ల కంపెనీలో పనిచేస్తానని ఇస్నాపూర్‌లో ఎవరికైనా చెప్పామా, ఇక చచ్చామన్నమాటే. ఉల్లిగడ్డల బండివాడి దగ్గర నుంచి గుడి పూజారి దాకా అందరిదీ ఒకటే కోరిక. "అక్కా, జెర మా మీటరు మెల్లగ తిరిగేటట్టు చెయ్యరాదూ?" అద్దం సందులోంచి ఫిలిం ముక్క దూరిస్తే ఆగుతుందట గదా, అయస్కాంతం పెడితే ఆగుతుందట గదా అని నాకే పాఠాలు చెప్పేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. "తూకం రాళ్లు పోసేటోని కాడికి పోయి, రాయి జెర తొలిచియ్యమని అడుగుతరా?" అనేదాన్ని. నవ్వేసి, పొగరుబోతుది అని పేరు పెట్టి పోయేవాళ్లు. పెట్టుకోనీ, నాకేం?

నా పేరు సుమిత్ర. మాది జోగిపేట దగ్గర పల్లె. నా మొగుడు ఇంకొకామెతో కాపురం పెట్టుకుంటే, ఏడ్చుకుంటూ కూర్చోవడం ఇష్టంలేక బస్సెక్కి పటాన్‌చెరు వచ్చి కంపెనీలో చేరాను. ఏడేళ్లుగా అక్కడ నా పని మీటర్లను పరీక్ష చేయడం. బల్ల మీద పది మీటర్లను వరసగా బిగించి కరెంటు ఇస్తారు. లోపల అల్యూమినియం చక్రం తిరుగుతుంది. దాని అంచున ఒక ఎర్ర గీత ఉంటుంది. ఆ గీత ఎన్నిసార్లు ముందుకొచ్చిందో గడియారం చూస్తూ లెక్కపెట్టాలి. లెక్క సరిపోతే మూత మీద సీసం బిళ్ల పెట్టి పట్టకారుతో నొక్కుతాను. బిళ్ల మీద నా నంబరు పడుతుంది. ఇరవై ఏడు. అది పడిందంటే ఆ మీటరు అబద్ధం చెప్పదని నేను మాటిచ్చినట్టు.

ఒంటరి ఆడదానికి గది దొరకడమంటే కంపెనీకి దగ్గరున్న ఇస్నాపూర్‌లో అంత సులువు కాదు. పదకొండు ఇళ్లు తిరిగాను. "మొగడేడి?" అని మొదటి ప్రశ్న, "మాకొద్దు" అని రెండో మాట. పన్నెండో ఇల్లు పెద్దరాములు పటేల్‌ది. కంపెనీలకు పొలం అమ్మిన డబ్బుతో పైన స్లాబు వేసి, ఇంటి వెనక ఎనిమిది గదులు కట్టి కిరాయికి ఇచ్చాడు. ఆయన భార్య నర్సింహమ్మ నన్ను ఎగాదిగా చూసి, "పని జేసుకొని బతికే మనిషి, ఉండనియ్యి" అంది. ఆ ఒక్క మాట మీద గది దొరికింది. మూడో రోజు వాకిట్లో గోడ మీదున్న మీటరు చూశాను. ఇల్లూ, ఎనిమిది గదులూ, బోరు మోటారూ అన్నిటికీ అదొక్కటే. సీలు మీద ఇరవై ఏడు. నా చేతి బిళ్లే! ఊరుకాని ఊర్లో సొంతవాళ్లు ఎదురైనట్టు అనిపించింది. ఆ సంగతి గొప్పగా అందరికీ చెప్పాను. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో!

పెద్దరాములుకు ఒక అలవాటు ఉంది. ఏ పని అయినా తనే చేస్తాడు. గదుల్లో వైర్లు ఆయనే లాగాడు, బోరు మోటారుకు స్విచ్చీ ఆయనే బిగించాడు. "వైర్‌మన్ ఎందుకు? గింత పనికి గంత మనిషా?" అని మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. గదుల చివర అందరికీ కలిపి ఒకటే బాత్రూము, దాని ముందు ఒకటే నల్లా. ఆ నల్లా ముట్టుకుంటే వానాకాలంలో చెయ్యి జివ్వుమనేది. ఒకసారి అడిగితే, "తడిసిన ఇనుము గట్లనే ఉంటది. చెప్పులేసుకొని పోర్రి" అన్నాడు. అంతే, అది ఆ ఇంటి ఆచారమైపోయింది. బాత్రూము గడప దగ్గర ఒక జత రబ్బరు చెప్పులు ఎప్పుడూ ఉండేవి. ఎవరు స్నానానికి వెళ్లినా అవి వేసుకునే వెళ్లాలి. ఇంట్లోకి చెప్పులతో వస్తే మహాపాపమనే ముసలమ్మలు కూడా ఆ చెప్పులేసుకునే నీళ్లు పోసుకునేవాళ్లు. నేను కూడా. పగలంతా కరెంటుతో పని చేసే నేను కూడా! ఇప్పటికీ తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వినాయక చవితి వెళ్లిన వారానికి కరెంటు బిల్లు వచ్చింది, ముందు నెలకు రెండింతలు. ఆ తర్వాత నెల ఇంకా పెరిగింది. మాకు లెక్క ఏమీ లేదు. బల్బుకు ఇంత, ఫ్యానుకు ఇంత అని పెద్దరాములు ఎంత చెబితే అంత ఇచ్చేవాళ్లం. ఇప్పుడు పెరిగిందంతా ఆయన మీదే పడింది. ఒక సాయంత్రం అందరినీ వాకిట్లోకి పిలిచాడు.

"మీలో ఎవ్వలో హీటరు పెడుతున్నరు. నీళ్లు కాగవెట్టుకుంటున్నరు. నా ఉప్పు తిని నాకే ద్రోహం!" అని అరిచాడు.

"మీ ఉప్పెవ్వలు తిన్నరు పటేలా? కిరాయి ఇస్తున్నం గదా" అన్నాను.

ఆయన వినలేదు. గది గదికీ వెళ్లి మంచాల కింద చూశాడు. అయిదో గదిలో రహీమున్నీసా ఉంటుంది. భర్త రసాయనాల ఫ్యాక్టరీలో పని చేసేవాడు, పోయి రెండేళ్లయింది. ఒక్కతే మిషను కుట్టుకుంటుంది, అదీ కాలితో తొక్కే మిషనే. నోరు లేని మనిషి. పెద్దరాములు ఆమె పెళ్లినాటి పెట్టె తెరిచి, బట్టలన్నీ నేల మీద పోశాడు. హీటరు లేదు. ఆమె కూర్చుని బట్టలన్నీ మళ్లీ మడత పెట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

ఎక్కడా ఏమీ దొరక్క ఆయన చివరికి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇగ రెండే ఉన్నయి. మీటరన్న ఖరాబై ఉండాలె, మీటరు సంగతి తెలిసిన మనిషన్న ఏదో జేసి ఉండాలె. మీటరు నీదేనంటివి. సంగతి తెలిసింది నీకే. ఏదైనా నీ మీదికే వస్తది."

"ఆడరాక మద్దెల ఓడన్నట్టున్నది పటేలా. నా మీటరుకు ఏమైంది?"

ఆయన నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "లొల్లి ఎందుకు సుమిత్రా? ఆ చక్రం జెర మెల్లగ తిరిగేటట్టు చెయ్యి. సీలు ఇప్పు, మళ్ల ఎయ్యి. నీకు రెండు నిమిషాల పని. చేస్తే నీ గది కిరాయి అడగ. చెయ్యకుంటే ఆదివారం వరకు ఖాళీ చెయ్యి."

పదకొండు ఇళ్ల గడపలు నా కళ్ల ముందు తిరిగాయి. నిజం చెబుతున్నాను, భయమేసింది. ఈ గది పోతే మళ్లీ "మొగడేడి?" దగ్గర నుంచి మొదలుపెట్టాలి. కానీ ఆ సీలు ఒక్కసారి నా చేత్తో నేనే విప్పితే, రేపటి నుంచి బల్ల దగ్గర నొక్కే ఏ బిళ్లకూ విలువ ఉండదు. నేను వాకిలి మధ్యలోకి వచ్చి, అందరికీ వినబడేలా చెప్పాను.

"పటేలు నన్ను సీలు ఇప్పమంటున్నడు. నేను ఇప్ప. ఆదివారం పొద్దుగాల ఇంట్ల ఉన్నయన్నీ బంద్ జేద్దాం. అన్నీ బంద్ అయినంక గూడ చక్రం ఊకెనే తిరిగిందంటే మీటరు తప్పు, నా సామాను నేనే తీస్కపోయి రోడ్డు మీద పెట్టుకుంట. మీటరు ఒప్పని తేలితే మాత్రం గదిగదికి ఒక చిన్న మీటరు పెట్టాలె. ఎవ్వలు కాల్చింది వాళ్లే కడతరు. ఇగ జన్మల ఎవ్వల పెట్టె తెరవొద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న" అన్నాడు పెద్దరాములు. మీసం మీదికి చెయ్యి పోయింది.

మూడో గది వెంకటేశం ఈల వేశాడు. వాడికి ఎప్పుడూ అంతే, ఎద్దు పుండు కాకికి ముద్దా?

ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకే పెద్దరాములు మీటరు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, పంచాయితీ చెప్పే పెద్దమనిషిలా. ముందే మోటారు వేసి ట్యాంకు నింపి, స్విచ్చి కిందికి వేశాడు. గదుల్లో బల్బులు, ఫ్యాన్లు, వెంకటేశం టేపురికార్డరు, పటేల్ ఇంట్లో టీవీ, ఫ్రిజ్జు అన్నీ బంద్ అయ్యాయి. నర్సింహమ్మ గడపలో కూర్చుని, అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. రెండు నెలలుగా ఆమెకు తిమ్మిర్లు. నరాల బలహీనత అని ఆరెంపీ డాక్టరు వారానికొక సూది పొడుస్తున్నాడు.

నేను వెళ్లి అద్దంలోంచి చూశాను.

చక్రం తిరుగుతోంది.

"తిరుగుతున్నదిరో!" అని వెంకటేశం ఎగిరి గంతేశాడు. "అన్నీ బందే, సుమిత్రక్క మీటరు మాత్రం దయ్యం పట్టినట్టు తిరుగుతున్నది!"

అందరూ నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపన్నట్టు, పటేల్ మాటల కంటే ఆ నవ్వే నాకు ఎక్కువ తగిలింది. నా బిళ్ల అబద్ధం చెప్పిందా? ఏడేళ్లలో ఎన్ని వేల బిళ్లలు నొక్కాను!

"ఇగ మూట గట్టు" అన్నాడు పెద్దరాములు.

"జెర ఆగు. ఉత్తగ తిరుగుతున్నదా, లెక్కతో తిరుగుతున్నదా సూడాలె."

గడియారం చేతిలోకి తీసుకుని ఎర్ర గీత మీద చూపు నిలిపాను. ఇది నా పని. ఇక్కడ నన్ను ఎవరూ కదిలించలేరు. ఒకటి. ఇరవై సెకన్లు. రెండు. మళ్లీ ఇరవై. మూడు. సరిగ్గా నిమిషం. మళ్లీ లెక్కపెట్టినా అంతే. ఆ మీటరుకు యూనిట్‌కు ఆరు వందల చుట్లు. వంద వాట్ల బల్బు ఒక్కటి వెలిగితే నిమిషానికి ఒక్క చుట్టు. మూడు చుట్లంటే మూడు బల్బులు. పాడైన మీటరు ఇంత పద్ధతిగా తిరగదు. కరెంటు వాడకం లేనప్పుడు చక్రం కొంచెం జరిగినా ఆగిపోవడానికి దానికి చిన్న చిల్లులు పెడతాం.

"పటేలా, నా మీటరు అబద్ధం చెప్తలేదు. ఈ ఇంట్ల ఇప్పుడు, గీ నిమిషంల, మూడు పెద్ద బల్బులంత కరెంటు ఎటో పోతున్నది."

"ఎటు పోతున్నది? గాలిలకా?" అన్నాడు వెంకటేశం.

"నీ నోట్లెకు" అన్నాను.

మీటరు పక్కనే చెక్క బల్ల మీద తెల్లటి పింగాణీ ఫ్యూజులు వరసగా ఉంటాయి, గదికొకటి. ఒకటో గదిది పీకాను. చక్రం తిరుగుతోంది. రెండోది. మూడోది. ఎనిమిదీ పీకి కింద పేర్చాను. చక్రం తిరుగుతూనే ఉంది, నిమిషానికి మూడు.

"సూసిన్రా? గదులల్ల దొంగలు లేరు" అన్నాను. "రహీమున్నీసా పెట్టెల లేదు మీ కరెంటు."

పటేల్ ఇంటి ఫ్యూజు మీద చెయ్యి వేశాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. "నా ఇంటి ఫ్యూజు పీకుతవా? నా ఇంట్ల నిలబడి?"

"మా ఎనిమిదీ పీకినప్పుడు నీకు కోపం రాలే గదా" అని పీకేశాను.

చక్రం ఆగలేదు. ఇక మిగిలింది ఒక్కటే ఫ్యూజు, బోరు మోటారుది. పెద్దరాములు దానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"గిది ముట్టుకోకు. స్విచ్చి నేనే బంద్ జేసిన, అందరు సూసిన్రు. బంద్ అయిన మోటారు కరెంటెట్ల తింటది? నువ్వు ఓడిపోయినవ్. సామాను తీయి."

ఆయన చెప్పింది నాకూ నిజమనే అనిపించింది. స్విచ్చి కిందికి ఉంది. మోటారు చప్పుడు లేదు. ఓడిపోయానా? నా మంచం, నా స్టవ్వు రోడ్డు మీద కనబడ్డాయి.

అప్పుడు నల్లా దగ్గర నుంచి రహీమున్నీసా కేక వినబడింది. అప్పటి దాకా ఆ మనిషి గొంతు అంత గట్టిగా ఎవరం వినలేదు.

"అల్లా! సుమిత్రక్కా, అన్నీ బందన్నరు గదా! నల్లా ఇంకా కొడుతున్నదేంది?"

నీళ్ల బిందె పట్టుకుని వచ్చింది. కుడి చెయ్యి విదిలించుకుంటోంది. గొడవలో బాత్రూము చెప్పులు వేసుకోవడం మరిచిపోయిందట.

నాకు ఒక్కసారిగా అర్థమైంది. చెప్పులు. జివ్వుమనే నల్లా. వానలు పడ్డ నెలలోనే పెరిగిన బిల్లు. ఏడేళ్లుగా కరెంటు కొలుస్తున్నాను, నా అరికాలి కిందికి పోతున్న కరెంటును మాత్రం రబ్బరు చెప్పులతో దాటిపోయాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"పక్కకు జరుగు పటేలా."

"జరగ."

"జరుగు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన జరిగాడో, నేనే తోశానో తెలియదు. మోటారు ఫ్యూజు పట్టుకుని లాగేశాను.

చక్రం ఆగిపోయింది. ఎర్ర గీత సగం కనబడుతూ అక్కడే నిలిచింది. వెంకటేశం అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. ఈసారి ఈల వేయలేదు.

"ఆ మోటారుకు స్విచ్చి బిగించింది ఎవ్వలు?" అని అడిగాను.

పెద్దరాములు చెప్పక్కర్లేదు. ఊరందరికీ తెలుసు.

"రెండు వైర్లుంటయి. కరెంటొచ్చే వైరుకు స్విచ్చి పెట్టాలె. నువ్వు తిరిగిపోయే వైరుకు పెట్టినవ్. స్విచ్చి బంద్ జేస్తే మోటారు ఆగుతది గని, కరెంటు మోటారు దాంక పోయి అట్లనే నిలబడి ఉంటది. బోరుల వైరు ఎక్కడ్నో గీరుకపోయింది. వానకు తడిసింది. కరెంటు ఇనుప పైపు ఎక్కి, నల్లాలకొచ్చి, భూమిలకు పోతున్నది. రాత్రింబగళ్లు. నువ్వు రెండు నెలలుగా దేవులాడుతున్న దొంగ గిదే. మమ్ముల దొంగలన్నవ్. నీ కరెంటు మేం దొంగిలించలే పటేలా, అదే మమ్ముల కొడుతున్నది!"

నర్సింహమ్మ మెల్లగా లేచింది. ఆమె వంటింట్లోకి కూడా ఆ ఇనుప పైపే వెళుతుంది. లోపలికి వెళ్లి నల్లా విప్పింది. నీళ్ల చప్పుడు చాలాసేపు వినబడింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతులు తడిగా ఉన్నాయి, ఆమె వాటినే చూసుకుంటోంది.

"జివ్వుమంటలేదు" అంది.

తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నీకు చెప్పిన గదా. గిన్నెలు కడిగితే చేతులు గుంజుతున్నయని చెప్పిన గదా. నరాలన్నవ్. తొమ్మిది సూదులు పొడిపిచ్చినవ్. నా చేతులల్లకెళ్లి పోయిందా నీ బిల్లు?"

పెద్దరాములు నా వైపు చెయ్యి చాపాడు. ఇంకా తగ్గలేదు మహానుభావుడు. "సరే తియ్యి, అయిందేదో అయింది. ఫ్యూజు ఇటియ్యి. ఎప్పుడన్న వైరు సూపిస్త. అప్పటిదాంక చెప్పులేసుకొని కానియ్యిర్రి. నీళ్లు లేకుండ ఎట్ల నడుస్తది? ఇల్లు నాది, మోటారు నాది."

"ఇల్లు నీదే. పాణాలు మావి" అన్నాను. ఫ్యూజును పిడికిట్లో పట్టుకున్నాను. చంపినా ఇచ్చేదాన్ని కాదు.

కానీ అది నా చేతిలో కూడా నిలవలేదు. నర్సింహమ్మ వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి దాన్ని తీసుకుంది. పెద్దరాములు ముఖం కాస్త తేలికపడింది, పెళ్లాం తన వైపేనని అనుకున్నట్టున్నాడు. ఆమె ఆ ఫ్యూజును కొంగు చివర పెట్టి రెండు ముళ్లు వేసి, నడుం దగ్గర గట్టిగా దోపుకుంది.

"బస్టాండు బోరింగు కాడికెళ్లి మోసుకుందాం" అంది మాతో. "బిందెలు తీయిర్రి."

ఎనిమిది రోజులు బస్టాండు దగ్గర చేతిపంపు నుంచి నీళ్లు మోశాం. రహీమున్నీసా అందరికంటే ముందు నడిచేది. మూడో రోజు నుంచి పెద్దరాములు కూడా భుజం మీద బిందెతో మా వెనకే వచ్చాడు. చూసినవాళ్లంతా "ఏంది పటేలా?" అని పలకరిస్తే, మీసం ముట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు పాపం. తొమ్మిదో రోజు పొద్దున పటాన్‌చెరు నుంచి వైర్‌మన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మనిషి సంచి దించి, చెక్క బల్ల చూసి, మోటారు ఫ్యూజు ఏదని అడిగాడు.

అందరం నర్సింహమ్మ కొంగు వైపు చూశాం. ఆమె ముడి మీద చెయ్యి వేసింది, విప్పలేదు.

"ముందుగల వైరు" అంది. "అటెన్క గదిగదికి మీటరు. సీలు మంచిగున్నదో లేదో సుమిత్ర సూస్తది. గప్పుడు ఫ్యూజు."

వైర్‌మన్ పెద్దరాములు వంక చూశాడు. పెద్దరాములు బాత్రూము గడప దగ్గరి రబ్బరు చెప్పులు తీసి పక్కన పడేసి, బోరు పైపు పైకి లాగడంలో చెయ్యి వేయడానికి వెళ్లాడు.